విస్కీ పక్కన చీజ్ – పాలు చెప్పే పాఠం

పాలు పోసే రైతుకు తన పాలు చివరకు ఏ రూపంలో, ఎవరి పళ్ళెంలోకి చేరుతున్నవో తెలిసి వుండటం మంచిది. పెరుగు, నెయ్యి, కోవా మనం ఎరిగినవే. చీజ్ సంగతి మాత్రం మన పల్లెలలో అంతగా తెలియదు. చీజ్ ఎక్కువగా తినే దేశాలలో దానిని రొట్టెతో, పండ్లతో, ద్రాక్ష సారాయితో తింటారు. స్కాట్లండ్‌లో విస్కీతో జతచేసి రుచి చూసే అలవాటు కూడా వుంది. ఏ చీజ్ పక్కన ఏ విస్కీ నప్పుతుందో చెప్పటం అక్కడ ఒక నేర్పుగా పెరిగింది.

సంఘ సభ్యులకు ఈ విషయంతో ఏమి పని అని అడగవచ్చు. పని వున్నది. ఆ జతలు కూర్చేవారు పరీక్షించేది ముఖ్యంగా పాలనే. పాలలోని వెన్న ఎంత, మాంసకృత్తులు ఎట్లా మాగినవి, పశువు ఏమి మేసింది, పాలు శుభ్రంగా పితికారా లేదా అనే సంగతులన్నీ ఆ చిన్న ముక్కలో తేలిపోతాయి. ఘాటైన పానీయం పక్కన వుంటే లోపం మరుగున పడుతుందని మనం అనుకుంటాము. నిజానికి చాలాసార్లు అది మరింత స్పష్టంగా తెలుస్తుంది. ఈ పాఠంలో ముఖ్యమైన మాట ఇదే.

ముందుగా ఒక హెచ్చరిక. తాగుడును మేము ప్రోత్సహించటం లేదు. మద్యం ఎంత కొద్దిగా తాగినా ఆరోగ్యానికి పూర్తిగా సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది. పాల డబ్బు ఇంటికి చేరకుండా సారా దుకాణానికి చేరితే ఏమవుతుందో మన సభ్యురాండ్రకు ఎవరూ చెప్పనక్కరలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతులకు వెళ్ళిన మహిళలే సారాకు ఎదురు నిలిచారు. ఆ ఉద్యమం జిల్లాలు దాటి వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధానికి దారి తీసింది. ఆ సంగతి మరువకుండానే ఈ పాఠం చదవవలసిందిగా కోరుతున్నాము. ఇక్కడ విస్కీ మనకు ఒక గీటురాయి మాత్రమే.

చీజ్ అంటే ఏమిటి?

చీజ్‌ను కొందరు జున్ను అంటారు. మన జున్ను ఈనిన పశువు మొదటి పాలతో కాచేది. చీజ్ వేరు. మంచి పాలను పాశ్చరైజ్ చేసి, సుమారు 30 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో ప్రత్యేకమైన తోడు వేస్తారు. తరువాత రెన్నెట్ అనే పదార్థం కలిపితే పాలు మెత్తని గడ్డగా కడతాయి. ఆ గడ్డను కోసి, కొద్దిగా వేడిచేసి, తేటను వార్చివేస్తారు. మిగిలిన దానికి ఉప్పు పట్టించి, అచ్చులలో అదిమి, చల్లని గదిలో వారాలు, నెలలు, ఒక్కొక్కసారి ఏండ్ల తరబడి మాగబెడతారు.

ఒక కిలో చెడ్డార్ చీజ్‌కు సుమారు 10 లీటర్ల ఆవు పాలు కావాలి. అంటే పాలలోని వెన్న, కేసిన్ అనే మాంసకృత్తి దాదాపు పదింతలు చిక్కబడతాయి. మంచి గుణం చిక్కబడినట్లే చెడ్డ గుణం కూడా చిక్కబడుతుంది.

గేదె పాలలో వెన్న, కేసిన్, కాల్షియం ఎక్కువ గనుక గడ్డ త్వరగా, గట్టిగా కడుతుంది. చీజ్ కూడా ఎక్కువ దిగుతుంది. అయితే ఆ గడ్డలో తేమ తక్కువగా నిలుస్తుంది, మాగటం ఆలస్యమవుతుంది. ఇటలీలోని కంపానియా ప్రాంతంలో గేదె పాలతో చేసే మొజరెల్లాకు ప్రపంచమంతటా పేరున్నది. దానిని మాగబెట్టరు, తాజాగానే తింటారు.

విస్కీ అంటే ఏమిటి?

స్కాట్లండ్‌లో మాల్టు విస్కీకి బార్లీ గింజలను నానబెట్టి మొలకెత్తించి ఎండబెడతారు. వాటిని మరాడించి, వేడి నీటిలో కలిపి, తీపి నీరు తీస్తారు. ఆ నీటిని పులియబెట్టి బట్టీ పడతారు. వచ్చిన ద్రవాన్ని ఓక్ కర్ర పీపాలలో కనీసం 3 సంవత్సరాలు స్కాట్లండ్‌లోనే నిలవ వుంచితేగాని దానిని స్కాచ్ విస్కీ అనటానికి చట్టం ఒప్పుకోదు. సీసాలో నింపేనాటికి ఆల్కహాలు 40 శాతానికి తగ్గకూడదు.

రుచిలో తేడాలు ముఖ్యంగా రెండు కారణాల వలన వస్తాయి. మొదటిది పొగ. ఐలా అనే దీవిలో మొలకల బార్లీని పీట్ పొగపై ఆరబెట్టే ఆచారం వున్నది. పీట్ అంటే చిత్తడి నేలలలో వేల ఏండ్లుగా పేరుకొన్న నాచు, గడ్డి. దాలిలో పిడకల సెగపై కాగిన పాలకు పొగ వాసన పట్టినట్లు, ఆ బార్లీకి పీట్ పొగ పడుతుంది. లగవూలిన్, లఫ్రోయిగ్ విస్కీలు ఈ కోవకు చెందినవి. రెండవది పీపా. అంతకు ముందు షెర్రీ అనే స్పెయిన్ ద్రాక్ష సారాయి నిలవ వుంచిన పీపా అయితే ఎండుద్రాక్ష వంటి వాసన వస్తుంది. అమెరికాలో బోర్బన్ విస్కీ వుంచిన పీపా అయితే వెనిల్లా, తేనె వంటి వాసనలు వస్తాయి. బోర్బన్‌లో కనీసం 51 శాతం మొక్కజొన్న వుండాలి. దానిని లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలలో నిలవ వుంచాలి.

మన దేశంలో విస్కీ పేరుతో అమ్మే వాటిలో చెరకు మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్ కలిపినవి అనేకం. ఐరోపా దేశాల చట్టం ప్రకారం ధాన్యం నుంచి తీయనిదానికి విస్కీ అనే పేరు చెల్లదు. ఈ పాఠంలో చెప్పే జతలు అటువంటి వాటికి వర్తించవు.

ఈ రెండూ ఎందుకు కలుస్తాయి?

ఆవకాయ అన్నంలో నెయ్యి కలుపుకొంటే కారం ఎందుకు తగ్గుతుందో మన ఇళ్ళలో అందరికీ తెలుసు. కొవ్వు నాలుకకు పూతగా పట్టి ఘాటును నెమ్మదింపజేస్తుంది. చీజ్‌లోని వెన్న ఆల్కహాలు ఘాటుకు చేసే పని కూడా అటువంటిదే.

రెండవది ఉప్పు. పచ్చి జామకాయకు ఉప్పు అద్దుకొని తింటాము. ఉప్పు చేదును అణచి, తీపిని పైకి తెస్తుంది. ఓక్ కర్ర నుంచి దిగిన చేదును చీజ్‌లోని ఉప్పు అదే విధంగా తగ్గిస్తుంది.

మూడవది మాంసకృత్తి. కర్ర నుంచి వచ్చే వగరు పదార్థాలను కేసిన్ పట్టుకొంటుంది. టీ డికాషన్‌లో పాలు పోస్తే వగరు తగ్గటానికి కారణం ఇదే.

వాసన నిచ్చే పదార్థాలలో అనేకం కొవ్వులోను, ఆల్కహాలులోను కరిగేవే. అందువలన ఒక గుక్క విస్కీ నోటిలోని కొవ్వు పూతను కదిలించి, చీజ్‌లో దాగిన వాసనలను బయటకు తెస్తుంది. ఆ వాసన మంచిదైతే రుచి పెరుగుతుంది. చెడ్డదైతే అది కూడా పెరుగుతుంది.

ఏ చీజ్‌కు ఏ విస్కీ?

1. తాజా చీజ్ : స్కాట్లండ్ కొండ ప్రాంతాలలో ఇంటింటా చేసుకొన్న క్రౌడీ ఇందుకు ఉదాహరణ. వెన్న తీయగా మిగిలిన పాలను పులియనిచ్చి, కొద్దిగా వేడిచేసి, గుడ్డలో వడగడతారు. పాలు పొంగిస్తే మిగిలే విరుగుడుకు ఇది దగ్గర చుట్టం. దీని రుచి సున్నితం గనుక పొగ లేని తేలిక విస్కీ మాత్రమే నప్పుతుంది. దక్షిణ స్కాట్లండ్‌లోని లోలండ్ ప్రాంతపు విస్కీలు ఇటువంటివి. పొగ విస్కీ పెడితే పాల రుచి మునిగిపోతుంది.

2. తెల్ల బూజు చీజ్ : ఫ్రాన్సు దేశపు బ్రీ, కామెంబర్ ఈ రకం. పైన తెల్లని బూజు పొర, లోపల మీగడ వంటి మెత్తదనం. స్పేసైడ్ ప్రాంతంలో బోర్బన్ పీపాలలో మాగిన, తేనె, ఆపిలు వాసన గల విస్కీ దీనికి జత. చీజ్ మరీ మాగిపోతే అమోనియా వాసన వేస్తుంది. విస్కీ ఆ వాసనను పెంచుతుంది గనుక అటువంటి చీజ్‌ను పక్కన పెట్టవలసిందే.

3. చెడ్డార్, డన్‌లప్ : చెడ్డార్ ఇంగ్లండులోని సోమర్సెట్ ప్రాంతపు గ్రామం పేరు. డన్‌లప్ స్కాట్లండ్‌లోని ఎయిర్‌షైర్ గ్రామం. రెండూ గట్టి చీజ్‌లు. 3, 4 నెలల లేత చెడ్డార్ వెన్నలా మెత్తగా, కొద్ది పులుపుగా వుంటుంది; దీనికి తేలిక విస్కీ చాలు. సంవత్సరం దాటిన ముదురు చెడ్డార్‌కు షెర్రీ పీపా విస్కీ గాని, కొద్దిపాటి పొగ వున్నది గాని కావాలి. చీజ్‌కు వయసు వచ్చినకొద్దీ బలమైన జత కావాలని దీనినిబట్టి గుర్తుంచుకోవచ్చు.

4. గౌడా : హాలండు దేశపు చీజ్. తయారీలో కొంత తేటను తీసివేసి, వేడి నీరు పోసి గడ్డను కడుగుతారు. పాలలోని చక్కెర కొంత పోవటం వలన పులుపు తగ్గి తియ్యదనం తెలుస్తుంది. ముదిరిన గౌడా పాకం మాడిన బెల్లపు రుచి వేస్తుంది. పళ్ళ కింద చిన్న పలుకులు తగులుతాయి. అవి ఉప్పు కావు, మాంసకృత్తి విడిపోగా ఏర్పడిన స్ఫటికాలు. వెనిల్లా వాసన గల బోర్బన్ దీనికి చక్కని జత.

5. నీలి బూజు చీజ్ : ఇంగ్లండులో స్టిల్టన్, ఫ్రాన్సులో గొర్రె పాలతో చేసే రోక్‌ఫోర్. చీజ్‌కు సూదులతో రంధ్రాలు చేసి గాలి పోనిస్తే లోపల నీలి బూజు చారలుగా పెరుగుతుంది. ఇవి బాగా ఉప్పన, ఘాటు. వీటి ఎదుట తేలిక విస్కీ నిలవదు. ఐలా దీవి పొగ విస్కీయే వీటికి సరిజోడు. ఉప్పు, పొగ కలిసిన చోట విస్కీలోని తీపి పైకి తేలుతుంది.

6. పార్మిజానో రెజ్జానో : ఇటలీ దేశపు చాలా గట్టి చీజ్. కనీసం 12 నెలలు మాగబెట్టాలి. సుమారు 40 కిలోల ఒక్కొక్క చక్రానికి దాదాపు 550 లీటర్ల పాలు పడతాయి. షెర్రీ పీపాలో మాగిన విస్కీ దీనికి నప్పుతుంది.

డబ్బాలలో, రేకులలో అమ్మే ప్రాసెస్డ్ చీజ్‌తో ఈ జతలు అంతగా కుదరవు. చీజ్‌ను లవణాలతో కలిపి కరిగించి మళ్ళీ గడ్డకట్టించటంతో దాని మాగుదల ఆగిపోతుంది. అది ఎక్కువ కాలం నిలుస్తుంది గాని, రుచిలో తేడాలు మిగలవు.

రుచి చూసే క్రమం కూడా తెలుసుకొందాము. చీజ్‌ను చల్లని పెట్టె నుంచి దాదాపు గంట ముందు తీస్తారు. చల్లగా వుంటే వాసన తెలియదు. తేలిక రకం నుంచి ఘాటు రకానికి వెళతారు. ముందు చీజ్ ముక్కను నమిలి, తరువాత చిన్న గుక్క తీసుకొంటారు. విస్కీలో కొన్ని చుక్కల నీరు కలుపుతారు. దానితో ఘాటు తగ్గి వాసన తెలుస్తుంది.

ఆ ముక్కలో మన కొట్టం ఎట్లా కనిపిస్తుంది?

చీజ్‌లో తేలే లోపాలకు మూలం చాలాసార్లు పశువుల కొట్టంలోను, సేకరణ కేంద్రంలోను వుంటుంది.

(అ) ముక్కిపోయిన వాసన : పచ్చి పాలను అతిగా కుదిపినా, చిలికినా వెన్న కణాల పైపొర చిరిగి, పాలలోనే వున్న లైపేజ్ అనే ఎంజైము కొవ్వును విడగొడుతుంది. పొదుగు వాపు వున్న పశువు పాలలో ఈ బెడద ఎక్కువ. కేసిన్ తగ్గటం వలన చీజ్ దిగుబడి కూడా తగ్గుతుంది.

(ఆ) చేదు : పాలను సమయానికి చల్లబరచకపోయినా, చల్లబరచి ఎక్కువ రోజులు వుంచినా సూక్ష్మజీవులు పెరిగి ఎంజైములను విడుస్తాయి. పాశ్చరైజేషన్ ఆ సూక్ష్మజీవులను చంపుతుంది గాని, కొన్ని ఎంజైములు వేడికి తట్టుకొని మిగులుతాయి. నెలలు గడిచిన తరువాత చీజ్ చేదెక్కుతుంది. అప్పటికి తప్పు ఎవరిదో తేల్చటం కష్టం.

(ఇ) మేత వాసన : ఘాటు వాసన గల మేత, పాతర గడ్డి పాలు పితికేముందు వేస్తే ఆ వాసన పాలకు వస్తుంది. పితికిన తరువాత వేస్తే బాధ వుండదు.

(ఈ) ఉబ్బి పగలటం : చెడిన పాతర గడ్డిలోను, పేడలోను వుండే ఒక రకం సూక్ష్మజీవుల బీజాలు పాశ్చరైజేషన్‌కు చావవు. పొదుగు కడగకుండా పితికితే అవి పాలలో చేరతాయి. నెలల తరువాత చీజ్ లోపల వాయువు పుట్టి పగులుతుంది. ఈ భయంతోనే పార్మిజానో పాలిచ్చే ఆవులకు పాతర గడ్డి మేపరాదని నియమం పెట్టారు.

(ఉ) తోడుకోకపోవటం : పశువుకు యాంటీబయాటిక్ సూది వేయించి, డాక్టరు చెప్పిన గడువు ముగియకముందే పాలు పోస్తే తోడులోని సూక్ష్మజీవులు చస్తాయి. ఒక్క ఇంటి పాలు తొట్టెడు పాలను చెడగొట్టగలవు. పాలు విరగకుండా సోడా, హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటివి కలిపినా తయారీ చెడుతుంది. అది నేరం కూడా.

బార్లీ పొట్టు – పశువుకూ ఒక వాటా

విస్కీకి, చీజ్‌కు పశువు ద్వారా మరొక బంధుత్వం వున్నది. తీపి నీరు తీసిన తరువాత మిగిలే బార్లీ పొట్టును స్కాట్లండ్‌లో పశువులకు మేపుతారు. పిండి పదార్థం పోయినా మాంసకృత్తులు, పీచు అందులో మిగులుతాయి. మల్ అనే దీవిలో టోబర్‌మోరీ డిస్టిలరీ 1798లో మొదలయింది. అక్కడి పొట్టు తిన్న ఆవుల పాలతో అదే దీవిలో చీజ్ చేశారు. ఆ చీజ్‌కు ఆ దీవి విస్కీతో జత కుదురుతుందని రుచి తెలిసినవారు చెబుతారు. ఒకే గింజ రెండు దారులలో వెళ్ళి పళ్ళెంలో కలుసుకొన్నదన్నమాట.

మన వైపు బీరు తయారీలో మిగిలిన బార్లీ పొట్టును హైదరాబాదు పరిసరాల పాడివారు మేపుతున్నారు. తడి పొట్టులో నాలుగింట మూడు వంతులకు పైగా నీరే వుంటుంది గనుక మన ఎండలకు అది త్వరగా బూజు పడుతుంది. బూజు పట్టిన దాణా తిన్న పశువు పాలలోకి అఫ్లాటాక్సిన్ ఎమ్1 అనే విషం దిగవచ్చు. పాలు కాచినా అది పోదు. కేసిన్‌ను అంటిపెట్టుకొని వుంటుంది గనుక చీజ్‌లో మరింత చిక్కబడుతుంది. మన దేశంలో కిలో పాలకు దీని పరిమితి 0.5 మైక్రోగ్రాము, ఐరోపాలో 0.05. తడి పొట్టును తెచ్చిన ఒకటి రెండు రోజులలోనే వాడాలి. బూజు కనిపిస్తే పారవేయాలి. నిలవ చేసిన వేరుశనగ చెక్క, మొక్కజొన్న విషయంలోను ఇదే జాగ్రత్త అవసరం.

కాలానికి ఖరీదు ఎవరు కట్టాలి?

ఇంత విలువగల సరుకును మన సంఘాలే ఎందుకు చేయకూడదు అని సభ్యులు అడగటం న్యాయమే. చీజ్‌కు, విస్కీకి రెండింటికీ అసలు ఖర్చు కాలం. స్కాట్లండ్ పీపాలలో సంవత్సరానికి సుమారు 2 శాతం విస్కీ ఆవిరై పోతుంది. దానిని వారు దేవతల వాటా అంటారు. చీజ్ కూడా మాగుతూ తేమ కోల్పోయి బరువు తగ్గుతుంది. పైగా సంవత్సరం పొడుగునా చల్లని గదికి కరెంటు ఖర్చు. రైతుకు మాత్రం పది, పదిహేను రోజులకొకసారి పాల బిల్లు అందాలి. దాణా కొట్టువాడు చీజ్ మాగేదాకా ఆగడు.

ఇటలీలో ఈ చిక్కును విప్పిన తీరు గమనించదగినది. పార్మిజానో తయారుచేసే వాటిలో రైతుల సహకార సంఘాలు అనేకం. అక్కడ క్రెడెమ్ అనే బ్యాంకు 1953 నుంచి చీజ్ చక్రాలను తాకట్టు పెట్టుకొని అప్పు ఇస్తున్నది. చక్రాలు బ్యాంకు గిడ్డంగిలోనే మాగుతాయి. ఆ డబ్బుతో పాల బాకీలు తీరుతాయి. బ్యాంకు అంత ధైర్యం చేయటానికి కారణం సరుకు చెడదన్న నమ్మకం. ఆ నమ్మకానికి పునాది ప్రతి ఇంటి పాల శుభ్రత. అది లేకుండా యంత్రాలు, చల్లని గదులు ఎన్ని కట్టినా ఫలితం వుండదు.

అందుచేత మాగబెట్టే చీజ్ ఆలోచన చేసే ముందు మూడు ప్రశ్నలకు జవాబు వుండాలి: పాలు ఏడాది పొడుగునా ఒకే నాణ్యతతో వస్తున్నవా? మాగే కాలంలో రైతు బిల్లుకు డబ్బు ఎక్కడిది? మాగిన సరుకు కొనేవారు ఎవరు? తాజా మొజరెల్లా, పనీరు వంటివి గేదె పాలకు అనువైనవి. డబ్బు త్వరగా తిరిగి వస్తుంది. మొదటి మెట్టు వాటితో ఎక్కటం క్షేమం.

సంఘ సమావేశంలో చర్చించటానికి

1. మన కేంద్రానికి పాలు పితికిన ఎంతసేపటికి చేరుతున్నాయి? చల్లబడేసరికి ఎంతసేపు?
2. సూది వేయించిన పశువు పాలను ఎన్ని రోజులు వేరుగా వుంచుతున్నాము? ఆ సంగతి కార్యదర్శికి చెబుతున్నామా?
3. దాణా, చెక్క, పొట్టు తడి తగలకుండా నిలవ చేస్తున్నామా?
4. పొదుగు వాపు పరీక్ష చివరిసారి ఎప్పుడు చేయించాము?

చదువు వచ్చిన సభ్యులు ఈ పాఠాన్ని పాలు పోసే వేళ మిగిలినవారికి చదివి వినిపించవలసిందిగా కోరుతున్నాము. విస్కీ సంగతి మరచిపోయినా నష్టం లేదు. నేడు క్యానులో పోసిన పాలలోని లోపం సంవత్సరం తరువాత కూడా రుచిలో తేలుతుందన్న సంగతి మాత్రం మరువరాదు.